బలహీనతలోనే మహిమ అంటారు: అది ఎవరి బలహీనత, ఎవరికి మహిమ?

బకారం రాసినది:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నాకు చిన్ననాటి నుండి నత్తి ఉన్నది, ఇప్పుడు నలభై దాటాను. ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో బాప్టిస్టు సంఘ సభ్యుడిని. కుర్చీలు వేయడం, కానుకల లెక్క రాయడం, మైకు తీగలు సర్దడం నా పనులు. మైకును సర్దుతాను గాని దాని ముందు నిలబడి పదిహేనేళ్లయినది.

వచ్చే నెల రెండవ ఆదివారం వాక్యపఠనం నాకు అప్పగించారు. చదవవలసిన భాగం రెండవ కొరింథీయులకు 12వ అధ్యాయం, మొదటి పది వచనాలు. నా నాలుక ఎక్కువగా పట్టుకునేది మాట మొదట బకారం వచ్చినప్పుడు. తొమ్మిది, పది వచనాలలోనే అది ఆరుసార్లు వస్తుందని కూర్చుని లెక్కపెట్టాను. "బలహీనత" అన్న మాటను పలకలేనివాడు బలహీనతను గురించిన భాగాన్ని చదవాలి.

ఇరవై రెండేళ్ల వయసులో నన్ను ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్లారు. ప్రసంగీకులు నా తలపై చేయి ఉంచి ప్రార్థించి, మైకు నోటి దగ్గర పెట్టి, "హల్లెలూయ అను" అన్నారు. హకారం నాకు ఎన్నడూ కష్టం కాదు. అన్నాను. పందిరంతా చప్పట్లతో మారుమోగింది. తిరుగు ప్రయాణంలో కండక్టరుకు మా ఊరి పేరు చెప్పలేక, పక్కనున్న పెద్దాయన చేత టికెట్టు తీయించుకున్నాను. స్వస్థత నిలవలేదని తెలిసిన తరువాత, లోపం నా విశ్వాసంలోనే ఉన్నదని ఒకరిద్దరు తేల్చారు.

ఇప్పుడు నా సందేహం చెబుతాను. నేను తడబడితే, "నీ బలహీనత ద్వారా దేవుడు మహిమపరచబడ్డాడు" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. తడబడకుండా చదివితే, "దేవుడు నీ నోటిని ముట్టాడు" అంటారు. అలవాటుగా వచ్చే ఈ రెండు మాటలలో ఏది నిజమో, అసలు ఏదైనా నిజమో నాకు తెలియడం లేదు. ఇంకొక సంగతి కూడా దాచకూడదు. కిందటి సంవత్సరం చర్చి పైకప్పు లెక్కలు తేలినప్పుడు అయ్యగారు అందరిముందు నన్ను మెచ్చుకుంటే, "మహిమ దేవునికే" అన్నాను. అంటూనే, ఆ మాటకు ఇంకా ఎవరైనా మెచ్చుకుంటారేమోనని నా చెవులు నిక్కపొడుచుకుని ఉన్నాయి.

---

పాత బైబిలు రాసినది:

సహోదరా, మీరు చదవబోయే భాగం ఎలాంటి తగవులో నుండి పుట్టినదో ముందు గుర్తుచేసుకోవడం మంచిది. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు మీద కొరింథులో వచ్చిన ఫిర్యాదు మీ భయానికి దగ్గరి చుట్టం. ఆయన పత్రికలు ఘనమైనవే గాని మనిషి ఎదుటికి వస్తే బలహీనుడని, ప్రసంగం కొరగానిదని అక్కడివారు అన్న మాటను ఆయనే 10వ అధ్యాయంలో రాసిపెట్టాడు. మాట నేర్పరితనాన్ని బట్టి మనిషిని తూచే నగరం అది. సిఫారసు పత్రికలు చేతపట్టుకుని వచ్చిన వేరే బోధకులు తమ దర్శనాలను, వంశాన్ని, వాగ్ధాటిని చూపించి అక్కడ పేరు తెచ్చుకున్నారు.

వారికి జవాబుగా పౌలు, "సరే, నేనూ అవివేకిగా అతిశయపడతాను" అన్న ధోరణిలో 11వ అధ్యాయాన్ని నడిపించి, తిన్న దెబ్బలు, పగిలిన ఓడలు, ఆకలి, చలి ఏకరువు పెట్టి, దమస్కులో తనను కిటికీ గుండా గంపలో కూర్చోబెట్టి గోడ మీదుగా దింపిన సంగతితో ఆ పట్టికను ముగిస్తాడు. శత్రువు కోటగోడను అందరికంటే ముందు ఎక్కిన సైనికునికి రోమీయులు ప్రత్యేకంగా ఒక కిరీటం ఇచ్చేవారు. గోడ ఎక్కినవానికి కిరీటం పెట్టే లోకంలో, తాను చేపల గంపలాగా గోడ దిగిన కథను ఈ మనిషి తన ఘనతగా చెప్పుకున్నాడు. మనం గంభీరంగా చదువుతాం గనుక అందులోని హాస్యం మనకు అందదు.

ఆ వెంటనే, 12వ అధ్యాయంలో, తనను బాధించిన "శరీరములో ఒక ముల్లు" సంగతి వస్తుంది. అది ఏమిటో ఆయన చెప్పలేదు. గలతీయుల పత్రికలో కన్నుల ప్రస్తావన చూచి కంటి జబ్బు అన్నవారున్నారు, వెంటాడి హింసించిన మనుషులు అన్నవారున్నారు, నత్తి అని ఊహించినవారు కూడా ఉన్నారు. మూడుసార్లు తీసివేయమని వేడుకున్నాడు. తీసివేయబడలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రం వచ్చింది. క్రీస్తు శక్తి తన మీద "నిలిచియుండు నిమిత్తము" అని మన అనువాదంలో ఉన్నచోట, గ్రీకులో గుడారం వేసుకుని కాపురముండటం అనే అర్థమిచ్చే క్రియ ఉన్నది. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను అని యోహాను రాసిన చోట వాడిన మాటకు అది తోబుట్టువు. శక్తి వచ్చి బలహీనతను ఇంటి నుండి వెళ్లగొట్టిందని ఆయన అనలేదు. అది ఉన్నచోటనే శక్తి గుడారపు మేకులు దిగవేసిందన్నాడు. కాబట్టి ఆ ఆదివారం మీరు తడబడినా, తడబడకపోయినా, ఆ భాగం మీకు ఫలితాల పరీక్ష పెట్టడం లేదు.

"అతిశయపడుదును" అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మన వాడుకలో అతిశయమంటే గర్వమే. పౌలు గర్వపు మాటను పారవేసి దాని స్థానంలో ఒక మెత్తని మాట తెచ్చుకోలేదు. అదే మాటను ఉంచి, దాని మొఖం దేవుని వైపు తిప్పాడు. నాకు మొదటి నుండి నచ్చిన విషయం ఇదే.

---

సాక్ష్య స్వరం రాసినది:

పెద్దల వివరణ బాగున్నది గాని, నాకు ఒక అభ్యంతరం ఉన్నది. పుట్టు గుడ్డివానిని చూచి, దేవుని క్రియలు వానియందు ప్రత్యక్షపరచబడుటకే అని ప్రభువు అన్నాడు. అన్న తరువాత వానిని గుడ్డివానిగా విడిచిపెట్టలేదు. కోనేటికి పంపి చూపునిచ్చాడు. పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి దేవుని మహిమపరచినవాడు కూడా శుద్ధుడైనందుకే తిరిగి వచ్చాడు. బకారం గారికి ఆ కూటంలో జరిగినది తప్పే, అందులో వాదన లేదు. కాని ఒకరు తప్పు చేశారని, స్వస్థత కోసం అడగడమే చిన్నతనమన్నట్లు మాట్లాడితే, మన జనం ముల్లును ముద్దుపెట్టుకోవడం నేర్చుకుని ప్రార్థించడం మానేస్తారు. పౌలు కూడా మూడుసార్లు అడిగిన తరువాతనే ఆగాడు గదా.

---

ఒంగోలు అమ్మమ్మ రాసినది:

బకారం తమ్ముడూ, నేను ముప్పైనాలుగేళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదానిని. రోగుల దగ్గర ఉండి నేర్చుకున్న దాని నుండి కొంత, చర్చిలో వెనుక బెంచీలో కూర్చుని చూచిన దాని నుండి కొంత చెబుతాను.

సాక్ష్య స్వరం గారు అన్నది సగం నిజం. మరి మిగిలిన సగం సంగతి ఏమిటి? మన సంఘాలలో సాక్ష్య సమయంలో లేచేవారు ఎవరో గమనించండి. జ్వరం తగ్గినవారు, ఆపరేషన్ బాగా జరిగినవారు, అబ్బాయికి వీసా వచ్చినవారు లేస్తారు. జబ్బు తగ్గనివారు, ఉద్యోగం రానివారు, పిల్లలు కలగనివారు కూర్చునే ఉంటారు. వారికి చెప్పుకోవడానికి ఏమీ లేదని కాదు, కథ ఇంకా ముగియలేదు గనుక నిలబడటానికి హక్కు లేదని వారే అనుకుంటారు. ఈ లెక్కన పౌలు మన సంఘానికి వచ్చి, "మూడుసార్లు ప్రార్థించాను, తగ్గలేదు, దేవునికి స్తోత్రం" అంటే, అయ్యగారు మైకు తీసుకుని నాలుగవసారి ప్రార్థన చేయించేవారు.

రెండవది వినయపు మాటల సంగతి. మా సంఘంలో ఒక సహోదరి ఉండేది. పాట పాడే ముందు తప్పనిసరిగా, "నేను ఎందుకూ పనికిరాని దాసురాలిని, గొంతు కూడా బాగుండలేదు, తప్పులుంటే క్షమించండి" అని చెప్పి, ఆపైన ఐదు చరణాలూ గమకాలతో సహా పాడేది. పాట తరువాత ఎవరూ వచ్చి, "ఎంత బాగా పాడారండీ" అనకపోతే ఆ మధ్యాహ్నం భోజనం సయించేది కాదు. ఆమెను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు, ఎందుకంటే ఆ సహోదరిని నేనే. యాభైయవ ఏట థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు దెబ్బతిన్నది. ఆ తరువాత నా ముందుమాటలో ఒక్కొక్క అక్షరమూ నిజమైనది, నిజమైన రోజు నుండి ఆ మాట నా నోటికి రాలేదు. "నాకు రాదు" అని చెప్పడం ఎంత సులభమో, నిజంగా రాకపోవడం అంత కష్టం.

మూడవది నా వృత్తికి సంబంధించినది. తన ముల్లు విషయంలో అంత మాట అన్న పౌలు, తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బు విషయంలో, "నీ బలహీనతయందు అతిశయపడు" అని రాయలేదు. నీళ్లే త్రాగక ద్రాక్షారసము కొంచెము పుచ్చుకొనుమని రాశాడు. ఆ కాలానికి అది మందు. తోటి ప్రయాణికుడు ట్రోఫిము రోగియైతే మిలేతులో విడిచివచ్చానని ఒక్క ముక్కలో చెప్పాడు, దానికి ఏ పాఠమూ తగిలించలేదు. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ఈ తేడాను నేను చాలా ఆలస్యంగా గమనించాను. తన ముల్లును గురించి అతిశయపడటానికి ఆయనకు హక్కున్నది, పక్కవాని ముల్లును గురించి ఆయన అతిశయపడలేదు. కాబట్టి తమ్ముడూ, నత్తికి శిక్షణ ఇచ్చేవారున్నారు, ఇప్పటికైనా వెళ్లు. శిక్షణకు వెళితే కృప తగ్గిపోదు. "నీ నత్తి ద్వారా దేవునికి మహిమ" అని మరొకరు అంటే విని ఊరుకో. ఆ మాట అనే అర్హత ఉంటే నీకే ఉండాలి.

---

బకారం రాసినది:

అమ్మమ్మగారూ, మీ రెండవ పేరా చదివి చాలాసేపు నవ్వాను, తరువాత నవ్వు ఆగిపోయింది. "ఆ మాట అనే అర్హత నీకే" అన్నారు. నాకు ఆ మాట అనాలని ఇప్పటికీ అనిపించడం లేదు. అది తప్పా?

---

ఒంగోలు అమ్మమ్మ రాసినది:

తప్పు కాదు. నాకు పదకొండేళ్లు పట్టింది.

---

పేరయ్య మనవడు రాసినది:

నేను పెట్టుకున్న పేరు రక్తసంబంధాన్ని బట్టి కాదు. 1866లో బాప్తిస్మం పొందిన తోలు వ్యాపారి, మాదిగ, యెర్రగుంట్ల పేరయ్యను తాతగా భావించేవారు ఈ జిల్లాలో వేలమంది ఉన్నారు, నేను వారిలో ఒకడిని. చరిత్ర బోధిస్తాను. ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక సంగతిని తీసుకురాక తప్పదు.

మన సంఘాలలో వినయానికి "తగ్గింపు" అన్న మాట వాడతాం. "తగ్గింపు జీవితం", "తగ్గింపు మనసు" అంటాం. ఆ మాట వినిపించిన ప్రతిసారీ నాకు ఒక ప్రశ్న పుడుతుంది: ఇప్పటికే తగ్గించబడినవాడు ఇంకెంత తగ్గాలి? ఊరి చివర ఇల్లు, వేరే గ్లాసు, పంక్తి చివర విస్తరి చూచిన ముత్తాతకు వినయం నేర్పించవలసిన అవసరం ఎవరికి కలిగింది?

ఒంగోలు చరిత్రలో మన అంశానికి నేరుగా తగిలే ఒక సంఘటన ఉన్నది. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దంపతులు ఒంగోలుకు వచ్చిన తొలి రోజులలో పై కులాలవారు వారి బడికి పిల్లలను పంపి ఆదరంగానే ఉన్నారు. పల్లెల నుండి మాదిగలు విశ్వాసులై వస్తున్నప్పుడు, వీరిని చేర్చుకుంటే మేము తప్పుకుంటాము అని వారు చెప్పారు. క్లౌ కలవరపడి తన గదిలో బైబిలు తెరిస్తే మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం దగ్గర తెరుచుకున్నది. వేరొక గదిలో ఆయన భార్య తెరిస్తే అదే చోటు. గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదని, బలవంతులను సిగ్గుపరచుటకు లోకములో బలహీనులైనవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగం అది. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాలవారు వెళ్లిపోయారు.

ఈ కథను నేను చిన్నప్పటి నుండి ప్రతి జూబిలీలోనూ విన్నాను. వినిపించేవారు, "చూచారా, దేవుడు బలహీనులను ఏర్పరచుకున్నాడు" అని మా వైపు చేయి చూపించేవారు. నాకు పేచీ ఆ చేయి దగ్గర ఉన్నది. మావారు బలహీనులు కారు. చర్మం నానవేసి, చెప్పులు కుట్టి, మోటబావికి తోలు తిత్తి అందించి, ఊరి సేద్యం నడిపించినవారు. వారిని బలహీనులుగా నిలబెట్టినది ఒక ఏర్పాటు. ఆ వచనం ఆ ఏర్పాటును ఆశీర్వదించడం లేదు, సిగ్గుపరుస్తున్నది. మరియ పాడిన కీర్తనలో కూడా బలవంతులను సింహాసనముల నుండి పడద్రోసి దీనులను ఎక్కించెనని ఉన్నది గాని, దీనులారా ఇంకా దీనులు కండి అని లేదు.

ఫిలిప్పీయులకు 2వ అధ్యాయం వినయానికి మూలపాఠం అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అందులో తనను తాను రిక్తునిగా చేసుకున్నవాడు ఎవరు? దేవునితో సమానత్వం గలవాడు. నిండుగా ఉన్న కుండను వంచితేనే గదా నీరు పారేది. ఎండిన కుండను వంచమని చెప్పి, అది వంగినందుకు దేవునికి మహిమ అనడం నా మనసుకు ఎక్కదు. బకారం గారిని ఇరవై రెండేళ్ల వయసులో వేదిక ఎక్కించినవారు చేసినది కూడా ఇలాంటి పనే. బలహీనత ఆయనది, చప్పట్లు వారివి.

---

పాత బైబిలు రాసినది:

పేరయ్య మనవడు గారు రాసినదానిని రెండుసార్లు చదివాను. నేను మొదటి టపాలో పౌలును గురించి రాసేటప్పుడు ఒక ముఖ్యమైన వివరాన్ని దాటవేశానని ఇప్పుడు తెలుస్తున్నది. ఆయన రోమా పౌరుడు, పేరుపొందిన యూదు బోధకుడు గమలీయేలు పాదాల దగ్గర చదివినవాడు, మూడవ ఆకాశము వరకు కొనిపోబడిన అనుభవం గలవాడు. "నేను అత్యధికముగా హెచ్చిపోకుండు నిమిత్తము" అన్న మాటను ఒకే వచనంలో రెండుసార్లు చెప్పవలసిన అవసరం అంత ఎత్తున ఉన్నవానికే వస్తుంది. ముల్లు ఎత్తుకు మందు. ఎత్తు ఎరుగనివారికి అదే మందును అదే మోతాదులో పంచిపెట్టడం వైద్యం కాదని అమ్మమ్మగారు చెప్పిన మాటకు ఇది మరొక కొస.

అయినా ఒక చిన్న విభేదం మిగిలి ఉన్నది. అణచబడినవాడు కూడా తన పక్కవాని మీద అతిశయపడగలడు. సంఘ కమిటీ ఎన్నికలు చూచినవారికి నేను ఇంతకంటే వివరించనవసరం లేదు.

---

పేరయ్య మనవడు రాసినది:

కమిటీ ఎన్నికల మాట ఒప్పుకుంటున్నాను. కిందటిసారి నేనూ పోటీచేశాను.

---

సాక్ష్య స్వరం రాసినది:

ఒంగోలు చరిత్ర ప్రస్తావన వచ్చింది గనుక అడుగుతున్నాను. ఆ చరిత్రలో దేవుని మహిమ కనబడినది బలం వచ్చిన తరువాతనే గదా? 1836లో మొదలైన తెలుగు మిషనును ఫలం లేదని మూసివేయాలని అమెరికాలో 1853లో చర్చ జరిగింది. పటంలో ఒంటరిగా ఉన్న ఆ స్థలాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. మరుసటి ఏడు జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ జ్యూయెట్ దొరగారు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య లేకపోతే ఈ రోజు ఆ కొండ ప్రార్థనను ఎవరు తలచుకునేవారు?

---

పేరయ్య మనవడు రాసినది:

మంచి ప్రశ్న. ఆ సంఖ్యకు ముందు జరిగినదానిని చూస్తే జవాబు దొరుకుతుంది. 1876 నుండి 1878 వరకు కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. మన బోధకులు ఆ కూలివారి మధ్యనే పనిచేస్తూ వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం కోరి వస్తుంటే, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, చేరేవారి మనసులో కూడా ఆ కల్తీ ఉండకూడదని ఆపారు. సంఖ్యలే మహిమ అనుకున్నవాడు ఆ పని చేయడు. సాయం నిలిచిపోయి, ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. ఆ రోజు గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు.

నాకు 2,222 కంటే, ఇవ్వకుండా ఆపిన ఆ నెలలు గొప్పగా కనబడతాయి. వాటిని ఎవరూ జూబిలీ బ్యానరు మీద రాయరు.

---

అచ్చుకూటం రాసినది:

నేను ఇక్కడ చదివేవాడినే గాని రాసేవాడిని కాను. ముద్రణాలయంలో పనిచేసినవాడిని గనుక ఒక విషయం చెప్పి వెళతాను. 1812 మార్చి 11న బెంగాలులో శ్రీరాంపురంలోని మిషను అచ్చుకూటం తగలబడింది. కాగితం, అచ్చు అక్షరాలు, మిషనరీ విలియం కేరీ సంవత్సరాల తరబడి రాసిన వ్రాతప్రతులు అందులో పోయాయి. పోయిన వాటిలో తెలుగు వ్యాకరణం ఒకటి. అచ్చు వేయవలసిన వ్రాతప్రతి ఒక్క పుట పోతేనే కంపోజిటరు, రచయిత తిట్టుకునే తిట్లు నేను విన్నాను, ఇక్కడ పోయినవి కట్టలు. తరువాత ఆదివారం కేరీ ప్రసంగానికి తీసుకున్నది 46వ కీర్తనలోని, "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న మాట. ఊరకుండుడి అని చెప్పి, మళ్లీ మొదటి నుండి రాయడానికి కూర్చున్నాడు. తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది.

ఆయన చనిపోయే ముందు తనను చూడవచ్చిన యువ మిషనరీ అలెగ్జాండర్ డఫ్‌తో, డాక్టర్ కేరీని గురించి మాట్లాడవద్దు, డాక్టర్ కేరీ రక్షకుని గురించి మాట్లాడండి అన్నాడని చెబుతారు. సమాధి రాతి మీద కూడా పదవులు, భాషల లెక్కలు లేవు. తాను దిక్కులేని దీనమైన పురుగునని, ఆయన చేతులలో వాలుతున్నానని చెప్పే రెండు పాదాలు చెక్కించుకున్నాడు. అమ్మమ్మగారి పాట ముందు మాటకూ, ఈ రాతి మీది మాటకూ తేడా ఏమిటని ఆలోచిస్తున్నాను. రాయి చెప్పిన తరువాత ఎవరు మెచ్చుకున్నా వినడానికి ఆయన లేడు. బహుశా అందుకే అక్కడ చెక్కించాడేమో.

---

శుక్రవారం ఆరాధన రాసినది:

కువైట్ నుండి రాస్తున్నాను. మాది కోనసీమ, ఇక్కడ ఒక ఇంటిలో వంటపని. మాకు ఆరాధన శుక్రవారం, అది కూడా ఇంటివారు పంపితేనే. పెద్దవారు రాసిన గ్రీకు సంగతులు నాకు తెలియవు. ఈ ఇంటిలో నేను తల వంచుకునే ఉంటాను, అది వినయం కాదు, జీతం. శుక్రవారం మాత్రం మోకరించేటప్పుడు ఎవరూ చెప్పకుండా నా అంతట నేను వంగుతాను. రెండూ వంగడమే. నా వెన్నుకు మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

---

ఒంగోలు అమ్మమ్మ రాసినది:

అమ్మా, మేము నాలుగు రోజులుగా వెతుకుతున్న మాట నువ్వు రాశావు. నీ కోసం ఈ పూట ప్రార్థిస్తాను. నీకు వీలైతే నడుముకు మెత్తటి పట్టీ కట్టుకో, వంటగదిలో బరువులు ఒంగి ఎత్తవద్దు, కూర్చుని లేపు.

---

సాక్ష్య స్వరం రాసినది:

నా మాటలు ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి. స్వస్థత కోసం ప్రార్థించడం నేను మానను. కాని మా సంఘంలో సాక్ష్య సమయం నడిపించేది నేనే గనుక, ఈ వారం, "జవాబు ఇంకా రానివారు కూడా లేవవచ్చు" అని ప్రకటించాను. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ఒక పెద్దావిడ లేచి, కొడుకు ఇంటికి రాక ఆరేళ్లయిందని, ఇంకా అడుగుతున్నానని చెప్పి కూర్చున్నది. తరువాత ఏమి పాట పాడాలో నాకు తోచలేదు.

---

బకారం రాసినది:

ఇది నేను ఆదివారం సాయంత్రం రాస్తున్నాను. చదివాను.

ముందు రోజు రాత్రి అయ్యగారికి ఫోన్ చేసి, నేను చదివిన తరువాత నా నత్తిని గురించి ప్రసంగంలో ఏమీ అనవద్దని, మంచిగా గాని చెడుగా గాని అనవద్దని అడిగాను. నా కోసం నేను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఆయన కొంచెం ఆగి, ఒక మంచి ఉదాహరణ పోయినదని నవ్వి, ఒప్పుకున్నారు.

ఏడవ వచనంలోని "బహు విశేషముగా" దగ్గర ఒకసారి పట్టుకున్నది. ఎనిమిదవ వచనం వరకు తరువాత ఫరవాలేదు. తొమ్మిదవ వచనంలో "బలహీనతయందు" దగ్గర నాలుక ఆగిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. ఫ్యాను చప్పుడు వినిపించింది, ముందు వరుసలో ఒక పిల్లవాడు తల్లి ముఖం వైపు చూశాడు, తల్లి బైబిలు వైపు చూసింది. ఎవరూ నా బదులు ఆ మాట అందించలేదు, అందుకు వారికి కృతజ్ఞుడిని. ఆ ఆగిన సమయంలో నేను గొప్పగా ఏమీ అనుభవించలేదు. చెమట పట్టింది. ఆ మాట చివరికి బయటికి వచ్చినప్పుడు, దానిని నేను చదువుతున్నానన్న సంగతి ఒక క్షణం మరిచిపోయాను. అంతే చెప్పగలను, ఇంతకంటే ఎక్కువ చెబితే కల్పించినట్లవుతుంది.

పదవ వచనంలో మళ్లీ రెండుసార్లు ఆగాను. "అప్పుడే బలవంతుడను" ఒక్కసారిలో వచ్చింది, ఎందుకో తెలియదు.

ఆరాధన తరువాత ఎవరూ ఏమీ అనలేదు. కుర్చీలు మడిచేటప్పుడు, నాతో ఎప్పుడూ మాట్లాడని ఒక ఇంటర్మీడియట్ కుర్రవాడు దగ్గరికి వచ్చి, వచ్చే వారం కుర్చీలు తానూ వేస్తానన్నాడు. అతనికీ కకారం దగ్గర కొంచెం పట్టుకుంటుందని అప్పుడు గమనించాను. అమ్మమ్మగారూ, శిక్షణ ఇచ్చేవారి వివరాలు కనుక్కున్నాను, ఇద్దరం కలిసి వెళతాము.

వచ్చే నెల పట్టికలో కూడా నా పేరు రాయించుకున్నాను. భాగం 115వ కీర్తన. మొదటి వచనం, "మాకు కాదు, యెహోవా, మాకు కాదు" అని మకారంతో మొదలవుతుంది, అది నాకు తేలిక. నాలుగవ వచనంలో బంగారం, పదకొండవ వచనం నుండి భయభక్తులు ఉన్నాయి. ముందుగానే చూసి పెట్టుకున్నాను.